విశ్వవిద్యాలయాల్లో ఫ్లూ టీకా: కొరతకూ మిగులుకూ మూలం ఒక్కటే

క్లుప్తంగా

క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో ఫ్లూ టీకా దొరకలేదంటే దేశంలో టీకా కొరత ఉందని అర్థం కాదు. టీకాలో ఏ వైరస్‌లు ఉండాలన్న నిర్ణయం, ఫ్యాక్టరీలో తయారీ, ఆరోగ్య కేంద్రం ఇచ్చే ఆర్డరు, విద్యాసంవత్సరం, వైరస్ వ్యాప్తి వేటి క్యాలెండర్‌ ప్రకారం అవి నడుస్తాయి. ఎంతమంది వస్తారో తెలియకముందే, ఒక్క సీజన్‌లోనే పనికొచ్చే సరుకును నెలల ముందుగా ఆర్డరు చేయాల్సి రావడమే ఒక ఏడాది కొరతకూ మరో ఏడాది మిగులుకూ దారితీస్తోంది. నిల్వలు సరిపడా ఉన్న చోట కూడా స్థలం, వేళ, బీమా నిబంధనల వంటివి టీకా వేయించుకునే వారి సంఖ్యను గణనీయంగా మార్చేస్తాయి.

విద్యాసంవత్సరం మొదలైన కొన్ని వారాలకే విశ్వవిద్యాలయాల్లో రెండు రకాల ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. బయటి మందుల దుకాణాల్లో అప్పటికే వేస్తున్న ఫ్లూ టీకా క్యాంపస్ ఆరోగ్య కేంద్రానికి ఇంకా రాలేదన్నది మొదటిది. నిరుడు శిబిరం ముగియకముందే అయిపోయిన టీకా ఈ ఏడాది సెమిస్టర్ పూర్తయినా మిగిలే ఉందన్నది రెండోది. మొదటిదానికి నిర్వాహకుల అలసత్వాన్ని, రెండోదానికి విద్యార్థుల ఉదాసీనతను కారణంగా చూపడం తేలిక. కానీ టీకా కూర్పు ఖరారైన రోజు నుంచి అది విద్యార్థి భుజానికి చేరేదాకా జరిగే పనులను వరుసగా చూస్తే, ఈ రెండు ఫిర్యాదులూ ఒకే చోట పుడుతున్నాయని అర్థమవుతుంది.

ఏటా కొత్తగా తయారుచేయాల్సిన టీకా

తట్టు, ధనుర్వాతం వంటి వ్యాధుల టీకాల కూర్పు ఏళ్ల తరబడి మారదు. ఒక ఏడాది మిగిలినవాటిని గడువు ఉన్నంతకాలం మరుసటి ఏడాది కూడా వాడుకోవచ్చు. ఫ్లూ టీకాకు ఆ వెసులుబాటు లేదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఉపరితలంపై ఉండే హీమగ్లూటినిన్ అనే ప్రొటీన్‌లో చిన్న చిన్న మార్పులు నిరంతరం జరుగుతుంటాయి. అవి పోగుపడే కొద్దీ, పాత వైరస్‌ను గుర్తుపట్టేలా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు కొత్త వైరస్‌ను సరిగా పట్టుకోలేవు.

ఈ విషయాన్ని శాస్త్రవేత్తలకు స్పష్టం చేసిన అనుభవాల్లో ఒకటి విశ్వవిద్యాలయ క్యాంపస్‌లోనే ఎదురైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం ఫ్లూ టీకాను రూపొందించిన థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాక్‌ల బృందం 1947లో మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో దాని ఫలితాన్ని పరిశీలించింది. టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ మధ్య జబ్బుపడిన వారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందు బాగా పనిచేసిన టీకా అప్పటికి మారిపోయిన వైరస్ ముందు నిలవలేకపోయింది. ప్రపంచమంతటా తిరుగుతున్న వైరస్‌లను ఎప్పటికప్పుడు గమనించకుండా టీకా తయారీలో అర్థం లేదన్న అవగాహన ఇలాంటి అనుభవాలతోనే బలపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో ఆరంభించిన ఇన్‌ఫ్లుయెంజా నిఘా వ్యవస్థలో ఇప్పుడు వందకు పైగా దేశాల ప్రయోగశాలలు భాగంగా ఉన్నాయి.

ఆ ప్రయోగశాలల సమాచారం ఆధారంగా నిపుణులు ఏటా రెండుసార్లు సమావేశమవుతారు. ఉత్తరార్ధగోళంలో రాబోయే చలికాలానికి టీకాలో ఏ వైరస్‌లు ఉండాలో ఫిబ్రవరిలోనూ, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులోనూ సిఫారసు చేస్తారు. ఆ తర్వాత తయారీకి ఆరు నెలల దాకా పడుతుంది. ఇప్పటికీ ఎక్కువ శాతం ఫ్లూ టీకాను ఫలదీకరణ చెందిన కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేస్తున్నారు. ఎంపికైన వైరస్ గుడ్డులో బాగా పెరిగేలా చూసుకోవాలి. లక్షలాది గుడ్లను నెలల ముందే సిద్ధం చేయించుకోవాలి. పెరిగిన వైరస్‌ను నిర్జీవం చేసి, శుద్ధి చేసి, ప్రామాణిక డోసులో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల హీమగ్లూటినిన్ ఉండేలా కొలవాలి. ఆ కొలతకు అవసరమైన రసాయనాలను కూడా ఏటా కొత్తగా, నియంత్రణ సంస్థల ప్రయోగశాలలే తయారుచేసి ఇస్తాయి. ఎంపికైన మూడు వైరస్‌లలో ఒక్కటి మందకొడిగా పెరిగినా మొత్తం టీకా ఆలస్యమవుతుంది. కణాలలో పెంచే టీకాకు అమెరికాలో 2012లో, జన్యు సాంకేతికతతో గుడ్డు అవసరమే లేకుండా తయారుచేసే టీకాకు 2013లో అనుమతి లభించినా, ప్రపంచ ఉత్పత్తిలో గుడ్డు వాటానే ఇంకా పెద్దది.

అందువల్ల ఉత్తరార్ధగోళంలో టీకా ఆగస్టు కంటే ముందు పెద్దయెత్తున మార్కెట్లోకి రావడం కష్టం. వచ్చేది కూడా ఒక్కసారిగా కాకుండా వాటాలుగా వస్తుంది. ఆర్డరులో కొంత భాగం ముందు, మిగతాది వారాల తర్వాత అందడం ఈ వ్యాపారంలో మామూలు విషయం. క్యాంపస్‌లో మొదటి శిబిరానికీ రెండో శిబిరానికీ మధ్య కనిపించే విరామానికి చాలాసార్లు కారణం ఇదే.

ఎవరు వస్తారో తెలియకముందే వేయాల్సిన లెక్క

అమెరికాలోని ఆరోగ్య కేంద్రాలు రాబోయే శరదృతువుకు కావాల్సిన ఫ్లూ టీకాను సాధారణంగా అదే ఏడాది మొదటి నెలల్లోనే బుక్ చేసుకుంటాయి. ప్రస్తుత సీజన్ ఇంకా ముగియదు. టీకా కూర్పు కొన్నిసార్లు ఖరారై కూడా ఉండదు. కొత్త విద్యాసంవత్సరంలో ఎంతమంది చేరతారో, వారిలో ఎంతమంది టీకా కోసం వస్తారో తెలిసే అవకాశమే లేదు. అయినా ఎన్ని డోసులు కావాలో చెప్పాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే సమస్య స్పష్టమవుతుంది. 20,000 మంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయం, వారిలో 25 శాతం మంది వస్తారని లెక్కవేసి 5,000 డోసులు ఆర్డరు చేసిందనుకోవచ్చు. ఆ ఏడాది ఫ్లూ గురించిన వార్తలు ఎక్కువై 30 శాతం మంది వస్తే 1,000 మంది వెనుదిరగాల్సి వస్తుంది. వార్తలేమీ లేక 18 శాతం మందే వస్తే 1,400 డోసులు మిగిలిపోతాయి. అంచనాలో పొరపాటు రెండు సందర్భాల్లోనూ పది శాతం పాయింట్ల లోపే; ఫలితం మాత్రం ఒకసారి తీవ్రమైన కొరతగా, మరోసారి పెద్ద వృథాగా కనిపిస్తుంది.

నిర్వహణ శాస్త్రంలో దీన్ని పత్రికల విక్రేత సమస్య అంటారు. పొద్దున్నే ఎన్ని పత్రికలు కొనాలో విక్రేత నిర్ణయించుకోవాలి. తక్కువ కొంటే బేరం పోతుంది, ఎక్కువ కొంటే సాయంత్రానికి అవి పాత కాగితాలవుతాయి. ఎన్ని కొనడం సరైనదన్నది మిగిలినదాని నష్టం ఎక్కువా, చాలకపోవడం వల్ల జరిగే నష్టం ఎక్కువా అన్నదాన్ని బట్టి ఉంటుందని ఆ శాస్త్రం చెబుతుంది. ఆరోగ్య కేంద్రాల విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. మిగిలిన డోసుల ఖర్చు కేంద్రం పద్దులో అంకెగా కనబడుతుంది. టీకా దొరక్క తిరిగి వెళ్లి, తర్వాత జబ్బుపడి, తరగతులు పోగొట్టుకున్న విద్యార్థి నష్టం ఏ పద్దులోనూ కనబడదు. కొన్ని కంపెనీలు మిగిలిన డోసుల్లో కొంత భాగాన్ని వెనక్కి తీసుకుంటాయి. అంతకు మించి మిగిలినవాటి భారం కొన్నవారిదే. కాబట్టి తక్కువగా ఆర్డరు చేయడం వైపు మొగ్గు ఉండటం ఊహించదగ్గదే. అందుకు ఆరోగ్య కేంద్రాన్ని తప్పుపట్టడం కంటే, నష్టాన్ని మొత్తం దాని నెత్తిన వదిలేసిన ఏర్పాటును ప్రశ్నించడం సబబు.

బయటి దుకాణాల్లో ముందుగా దొరకడానికి కారణం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. వందల శాఖలున్న మందుల దుకాణాల గొలుసు సంస్థ ఒక శాఖలో మిగిలినదాన్ని మరో శాఖకు పంపగలదు, అంచనా తప్పినా నష్టాన్ని అన్ని శాఖలకూ పంచుకోగలదు. ఒకే భవనంలో, ఒకే ఫ్రిజ్‌తో పనిచేసే ఆరోగ్య కేంద్రానికి ఆ వీలు లేదు.

వరుసలో విద్యార్థుల స్థానం: 2004, 2009

నిజమైన జాతీయ కొరత వచ్చిన సందర్భాలు తక్కువే కానీ, వాటిని పోల్చి చూడటం ఉపయోగకరం. 2004 అక్టోబరు 5న, లివర్‌పూల్‌లోని కైరాన్ కంపెనీ టీకా కర్మాగారం లైసెన్సును కాలుష్య సమస్యల కారణంగా బ్రిటన్ నియంత్రణ సంస్థ నిలిపివేసింది. అమెరికా ఆ ఏడాదికి ఆశించిన సరఫరాలో దాదాపు సగం ఆ ఒక్క కర్మాగారం నుంచే రావాల్సి ఉంది. వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, దీర్ఘకాలిక వ్యాధులున్నవారు, ఆరోగ్య సిబ్బంది ముందు వేయించుకోవాలని, ఆరోగ్యంగా ఉన్న యువత ఆ ఏడాదికి ఆగాలని ప్రభుత్వం కోరింది. ఆరోగ్యవంతులైన విద్యార్థులు సహజంగానే వరుస చివరికి వెళ్లారు, అప్పటికే ప్రకటించిన క్యాంపస్ శిబిరాలెన్నో రద్దయ్యాయి. తీరా జనవరి నాటికి కొన్ని ప్రాంతాల్లో డోసులు మిగిలిపోవడంతో ఆంక్షలు సడలించాల్సి వచ్చింది. మొత్తం మీద లేని సరుకు ఒక చోట, ఉన్నా అడిగేవారు లేని సరుకు మరో చోట అన్న పరిస్థితి ఒకే సీజన్‌లో కనిపించింది.

2009లో పరిస్థితి తలకిందులైంది. ఆ ఏడాది వచ్చిన కొత్త హెచ్1ఎన్1 వైరస్ వృద్ధుల కంటే చిన్న వయసువారికి ఎక్కువగా సోకడంతో, 6 నెలల నుంచి 24 ఏళ్ల దాకా వయసున్న వారందరినీ అమెరికా నిపుణుల సంఘం తొలి ప్రాధాన్య వర్గాల్లో చేర్చింది. కళాశాల విద్యార్థులు ఒక్కసారిగా వరుస ముందుకు వచ్చారు. కానీ ఆగస్టులో తరగతులు మొదలవగానే క్యాంపస్‌లలో జబ్బు వ్యాపించడం మొదలైంది, కొత్త టీకా తొలి డోసులు అక్టోబరు మొదటి వారంలో గానీ రాలేదు, కేసులు అక్టోబరు చివరలో పతాక స్థాయికి చేరాయి. టీకా సమృద్ధిగా దొరికే నాటికి అల తగ్గుముఖం పట్టింది, కొద్ది నెలల్లోనే నిల్వలు పేరుకుపోయాయి. ప్రాధాన్యం కాగితం మీద ఎంత ఉన్నా, టీకా వైరస్ తర్వాత వస్తే ప్రయోజనం తక్కువేనని ఆ ఏడాది రుజువైంది.

సెమిస్టర్ వేరు, సీజన్ వేరు

టీకా వేసిన తర్వాత తగినన్ని యాంటీబాడీలు తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రక్షణ శాశ్వతం కాదు, నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. మరీ ముందు వేస్తే సీజన్ చివరికి రక్షణ పలచబడుతుంది, మరీ ఆలస్యమైతే జబ్బు ముందే పట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో పెద్దలకు టీకా కార్యక్రమాన్ని సెప్టెంబరులో కాకుండా అక్టోబరులో మొదలుపెట్టడానికి ఈ తగ్గుదలే కారణం. అమెరికాలో అక్టోబరు ముగిసేలోపు వేయించుకోవడం మేలని చెబుతారు.

ఉత్తరార్ధగోళంలోని విశ్వవిద్యాలయాల్లో ఆ అనువైన కొద్ది వారాలూ మధ్యంతర పరీక్షల మీద పడతాయి. పరీక్షల ముందు రోజు భుజం నొప్పినో, ఒంటి నలతనో కొనితెచ్చుకోవడానికి విద్యార్థులు ఇష్టపడరు. పరీక్షలయ్యాక వద్దామనుకునే నాటికి శిబిరాలు ముగిసిపోతాయి. డిసెంబరులో సెలవులకు ఊళ్లకు వెళ్లడం, జనవరిలో తిరిగి రావడం సరిగ్గా వైరస్ ఉధృతంగా ఉండే కాలంలో జరుగుతాయి. క్యాంపస్‌లో సోకిన జబ్బు అమ్మమ్మ, తాతయ్యలకు చేరే మార్గం ఈ ప్రయాణమే.

దక్షిణార్ధగోళంలో ఈ రెండు క్యాలెండర్లూ కాస్త మెరుగ్గా కలుస్తాయి. ఆస్ట్రేలియాలో విద్యాసంవత్సరం ఫిబ్రవరి చివర మొదలవుతుంది, టీకా మార్చి, ఏప్రిల్ నెలల్లో అందుతుంది, ఫ్లూ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య తిరుగుతుంది. తరగతులు కుదురుకున్నాక, జబ్బు రాకముందు రెండు నెలల వ్యవధి దొరుకుతుంది. భారత్ వంటి ఉష్ణమండల దేశాల్లో మాత్రం ఫ్లూకు ఒకే సీజన్ ఉండదు. చలికాలం చివర ఒకసారి, వానాకాలంలో మరోసారి పెరుగుతుంది కాబట్టి ఏ కూర్పు టీకాను ఏ నెలలో వేయాలన్నది అక్కడ మరింత జటిలమైన ప్రశ్న.

సగటు క్యాలెండర్‌ను నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదాన్ని 2021 శరదృతువు చూపించింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆ అక్టోబరు మొదటి వారంలో మొదలైన హెచ్3ఎన్2 రకం ఫ్లూ వ్యాప్తిలో కేసులు నవంబరు చివరికల్లా 700 దాటాయి. డిసెంబరు తర్వాత రావాల్సిన జబ్బు, చాలామంది ఇంకా టీకా వేయించుకోకముందే వచ్చేసింది. పైగా పరీక్షలో ఫ్లూ నిర్ధారణ అయినవారిలోనూ కానివారిలోనూ టీకా వేయించుకున్నవారి శాతం దాదాపు ఒకేలా ఉండటంతో, ఆ వ్యాప్తిలో టీకా స్పష్టమైన రక్షణ ఇచ్చినట్టు తేలలేదు. వైరస్ టీకాలోని రకం నుంచి జన్యుపరంగా పక్కకు జరిగింది. 1947లో ఫ్రాన్సిస్, సాక్‌లకు ఎదురైనది 74 ఏళ్ల తర్వాత అదే విశ్వవిద్యాలయంలో మళ్లీ ఎదురుకావడం కాకతాళీయమే అయినా, మూల సమస్య మారలేదని మాత్రం చెబుతోంది.

అలాగని ఒక చెడు సంవత్సరాన్ని కొలబద్దగా తీసుకోవడం సరికాదు. వైరస్‌కూ టీకాకూ పొంతన కుదిరిన సంవత్సరాల్లో టీకా, వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సినంత జబ్బు వచ్చే అవకాశాన్ని 40 నుంచి 60 శాతం దాకా తగ్గిస్తోంది. మిన్నెసోటాలో 2002 నుంచి 2006 దాకా నాలుగు సీజన్లలో కళాశాల విద్యార్థులపై జరిగిన అధ్యయనంలో, టీకా వేయించుకున్నవారికి ఫ్లూ తరహా జబ్బు వచ్చే అవకాశం సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. ఇతర జలుబు వైరస్‌ల వల్ల వచ్చే జబ్బు కూడా ఆ లెక్కలో కలిసి ఉంటుంది కాబట్టి ఆ తగ్గుదల చిన్నదేమీ కాదు.

ఎంతమందికి వేస్తే సరిపోతుంది

టీకా వేయించుకోనివారికి కూడా పరోక్ష రక్షణ కలగాలంటే ఎంతమందికి వేయాలన్నది స్థూలంగా లెక్కగట్టవచ్చు. ఒక ఫ్లూ రోగి సగటున 1.3 మందికి జబ్బు అంటిస్తాడనుకుంటే, వ్యాప్తి ఆగడానికి దాదాపు 23 శాతం మందిలో రోగనిరోధక శక్తి ఉండాలి. టీకా వేసిన వారిలో సగం మందికే పూర్తి రక్షణ కలుగుతుందనుకుంటే, 46 శాతం మందికి టీకా వేయాలి. అయితే ఆ 1.3 సాధారణ సమాజానికి వాడే సగటు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు నిద్రించే హాస్టళ్లలో, ఉమ్మడి భోజనశాలల్లో, వందల మంది కూర్చునే తరగతి గదుల్లో అది పెరుగుతుంది. 1.5కు చేరిందనుకున్నా అవసరమైన టీకా శాతం ఒక్కసారిగా 67కు పెరుగుతుంది. పైగా జబ్బు లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుకోవచ్చు కనుక, జ్వరం వచ్చినవారిని గదిలో ఉంచినంత మాత్రాన వ్యాప్తి ఆగదు. పైన చెప్పిన ఊహాజనిత ఆర్డరులోని 25 శాతం ఈ రెండు లెక్కల్లో దేనికీ చాలదు. అది వేయించుకున్న వ్యక్తికి మాత్రమే మేలు చేస్తుంది.

సిఫారసు ఒకరిది, చెల్లింపు మరొకరిది

అమెరికా 2010 నుంచి 6 నెలలు నిండిన వారందరికీ ఏటా ఫ్లూ టీకాను సిఫారసు చేస్తూ వచ్చింది. అక్కడ క్యాంపస్ శిబిరాలు మామూలు దృశ్యంగా మారడానికి ఇదొక కారణం. బ్రిటన్ విధానం వేరు. అక్కడ ప్రభుత్వ ఖర్చుతో టీకా వృద్ధులకు, గర్భిణులకు, పిల్లలకు, ఉబ్బసం, మధుమేహం వంటి సమస్యలు ఉండి ముప్పు ఎక్కువున్నవారికి ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల విద్యార్థి కావాలంటే సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ముప్పు తక్కువున్నవారి మీద పెట్టే ఖర్చు ముప్పు ఎక్కువున్నవారికి ఉపయోగపడాలన్నది ఈ విధానంలోని తర్కం. వ్యాప్తిని పెంచేది ఎక్కువగా యువతేనన్నది దానికి ఎదురు వాదన. పిల్లలను ఉచిత జాబితాలో చేర్చడానికి బ్రిటన్ అంగీకరించినది ఈ రెండో వాదననే. అదే తర్కాన్ని విశ్వవిద్యాలయాల దాకా పొడిగించలేదు.

రెండు విధానాల్లోనూ అర్హత ఉన్నవారికే టీకా అందని సందులు ఉన్నాయి. బ్రిటన్‌లో ఉబ్బసం ఉన్న విద్యార్థి తాను పేరు నమోదు చేసుకున్న వైద్యుడి ద్వారానే పిలుపు అందుకుంటాడు. చదువుకోసం వేరే నగరానికి వచ్చి నమోదు మార్చుకోకపోతే ఆ పిలుపు పాత చిరునామాకు వెళుతుంది. అమెరికాలో చాలామంది విద్యార్థులు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల బీమా కిందే ఉంటారు. చట్టప్రకారం ఆ బీమా టీకా ఖర్చు పూర్తిగా భరించాలి, కానీ బీమా సంస్థతో ఒప్పందం ఉన్న చోట వేయించుకుంటేనే. తల్లిదండ్రులు మరో రాష్ట్రంలో ఉంటే క్యాంపస్ ఆరోగ్య కేంద్రం ఆ ఒప్పందంలో లేకపోవచ్చు. ఉచితమని పోస్టరు చూసి వచ్చిన విద్యార్థికి కౌంటరు దగ్గర బిల్లు ఎదురవడానికి తరచూ కారణం ఇదే. విదేశీ విద్యార్థుల సంగతి మరింత గందరగోళం. సొంత దేశంలో ఈ టీకా అలవాటే లేనివారు తమ బీమాలో అది ఉందో లేదో వెతికి చూసుకోవడం అరుదు.

ఆరోగ్య కేంద్రం లోపలి ఇరుకు

టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉంచాలి. వేడి తగిలితే క్రమంగా బలం తగ్గుతుంది, గడ్డకడితే ఆ డోసును పారేయాల్సిందే. వేల డోసులు పట్టే వైద్య ఫ్రిజ్‌లు అన్ని కేంద్రాల్లోనూ ఉండవు. ముందే నింపిన సిరంజీలు వాడటానికి తేలికైనా చోటు ఎక్కువ తీసుకుంటాయి, పది డోసుల వాయిల్ తక్కువ చోటులో ఇముడుతుంది కానీ ఒక్కో డోసును సిరంజీలోకి ఎక్కించుకోవడానికి సమయం పడుతుంది.

టీకా ఒకటే రకం కాకపోవడం మరో చిక్కు. సాధారణ టీకాతో పాటు, 65 ఏళ్లు దాటిన అధ్యాపకులకు నాలుగు రెట్ల మోతాదున్న టీకా, సూదికి భయపడేవారి కోసం ముక్కులో కొట్టే స్ప్రే ఉంచాల్సి వస్తుంది. బలహీనపరచిన సజీవ వైరస్ ఉండే ఆ స్ప్రేను గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరు. ఇలా ప్రతి రకానికీ విడిగా అంచనా, విడిగా ఆర్డరు, విడిగా మిగులు.

అన్నింటికంటే తక్కువగా ఆలోచించేది కుర్చీల గురించి. యువతలో టీకా తర్వాత కళ్లు తిరిగి పడిపోయేవారు కొందరు ఉంటారు కాబట్టి 15 నిమిషాలు కూర్చోబెట్టి గమనించడం మంచిదన్నది వైద్య సలహా. గంటకు 120 మందికి టీకా వేసే శిబిరంలో ఏ క్షణంలో చూసినా 30 మంది ఆ కుర్చీల్లో ఉంటారు. హాలు అందుకు చాలకపోతే నర్సులు ఎందరున్నా, డోసులు ఎన్నున్నా వేగం పెరగదు. వరుస పొడవుగా ఉందని వెనుదిరిగిన విద్యార్థి లెక్కలో అది కూడా టీకా దొరకకపోవడమే.

ఉన్నా వేయించుకోనిదెందుకు

1965లో హోవార్డ్ లెవెంథాల్, సహ పరిశోధకులు యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం ధనుర్వాతం టీకాకు సంబంధించినదే అయినా, ఫ్లూ శిబిరాలకు నేరుగా వర్తిస్తుంది. కొందరు విద్యార్థులకు వ్యాధి గురించి భయపెట్టే కరపత్రాలు, కొందరికి సౌమ్యంగా రాసినవి ఇచ్చారు. భయపెట్టే కరపత్రాలు చదివినవారు వేయించుకుంటామని ఎక్కువగా చెప్పారు, కానీ ఆచరణలో పెద్ద తేడా రాలేదు. తేడా తెచ్చింది మరొకటి. ఆరోగ్య కేంద్రాన్ని గుర్తించిన క్యాంపస్ పటం, టీకా వేసే వేళలు, తమ వారపు దినచర్యలో ఎప్పుడు వెళ్లగలరో చూసుకోమన్న సూచన అందుకున్నవారిలో 28 శాతం మంది వెళ్లి వేయించుకున్నారు. ఆ సూచన లేనివారిలో వేయించుకున్నది 3 శాతం. వారంతా చివరి ఏడాది విద్యార్థులు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో వారికి అప్పటికే తెలుసు.

2011లో వెలువడిన మరో అధ్యయనంలో, ఒక కంపెనీ ఉద్యోగులను ఫ్లూ టీకాకు వెళ్లే తేదీ, సమయం తామే రాసుకోమని కోరినప్పుడు వేయించుకున్నవారి శాతం 33 నుంచి 37కు పెరిగింది. నాలుగు పాయింట్లు చిన్నవిగా కనిపించినా, అందుకు అయిన ఖర్చు ఉత్తరంలో ఒక ఖాళీ గడి. అమెరికా కళాశాలల్లోనే జరిగిన ఇంకో ప్రయోగంలో 30 డాలర్ల ప్రోత్సాహకం టీకా శాతాన్ని సుమారు 12 పాయింట్లు పెంచింది, తోటి విద్యార్థుల చేత చెప్పించిన ప్రచార వీడియో మాత్రం పెద్దగా ప్రభావం చూపలేదు. ప్రచార సామగ్రి మీదే బడ్జెట్ మొత్తం పెట్టే క్యాంపస్‌లు ఈ ఫలితాన్ని పట్టించుకోవాల్సి ఉంది.

ఆదేశం జారీచేయడం అన్నింటికంటే బలమైన మార్గం, అంతే వివాదాస్పదం కూడా. కరోనా కాలంలో ఆసుపత్రుల మీద రెండు జబ్బుల భారం ఒకేసారి పడకూడదన్న ఉద్దేశంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ 2020 శరదృతువులో విద్యార్థులకు, ఉద్యోగులకు ఫ్లూ టీకాను తప్పనిసరి చేసింది. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్ రాష్ట్రం విద్యార్థులకు ఇలాంటి నిబంధననే ప్రకటించి, ఆ సీజన్‌లో ఫ్లూ దాదాపు కనిపించకపోవడంతో 2021 జనవరిలో ఉపసంహరించుకుంది. ఇష్టానిష్టాల చర్చను పక్కన పెడితే, ఆదేశానికి సరఫరా కోణంలో ఒక ప్రభావం ఉంది: ఎన్ని డోసులు కావాలో ముందే తెలుస్తుంది. పత్రికల విక్రేత సమస్య చాలావరకు మాయమవుతుంది. ఆదేశం లేకుండానే ఆ లాభంలో కొంత పొందాలంటే, ప్రవేశ ప్రక్రియలోనే టీకా వేళను ముందస్తుగా కేటాయించి, అక్కర్లేనివారు రద్దు చేసుకునే ఏర్పాటు ఒక మార్గం.

రాబోయే సీజన్లలో మారేవి, మారనివి

బి రకం వైరస్‌లలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత ఎక్కడా నిర్ధారణ కాలేదు. దాన్ని టీకాలో ఉంచాల్సిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంతో, నాలుగు రకాల టీకా స్థానంలో మూడు రకాల టీకా వచ్చింది. అమెరికాలో 2024–25 సీజన్ నుంచి అన్నీ మూడు రకాలవే. పెంచాల్సిన వైరస్ ఒకటి తగ్గడం తయారీదారులకు మేలే. అయినా ఫిబ్రవరి నిర్ణయం, ఆరు నెలల నిరీక్షణ అలాగే ఉన్నాయి.

క్యాంపస్‌ల మీద నేరుగా ప్రభావం చూపగల మార్పు మరొకటి. ముక్కు స్ప్రే టీకాను 18 నుంచి 49 ఏళ్ల వారు ఆరోగ్య సిబ్బంది సాయం లేకుండా స్వయంగా వాడుకోవడానికి అమెరికా నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో అనుమతినిచ్చింది. ఆ వయోపరిమితిలో దాదాపు విద్యార్థులందరూ వస్తారు. నర్సులు, కుర్చీలు, వరుసల ఇరుకును ఇది తప్పించగలదు, ఆర్డరు భారాన్ని ఆరోగ్య కేంద్రం నుంచి వ్యక్తికి మార్చగలదు. కాకపోతే ఈ స్ప్రే కూడా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. హాస్టల్‌కు వచ్చే పార్శిళ్లు సాధారణంగా ఒక ఉమ్మడి గదికి చేరి, విద్యార్థి వచ్చి తీసుకునేదాకా అక్కడే ఉంటాయి. శుక్రవారం సాయంత్రం చేరిన టీకా సోమవారం దాకా మామూలు అరలో ఉంటే దాని మీద భరోసా పెట్టుకోలేము. ఇంటికి పంపే పద్ధతిని క్యాంపస్‌లకు విస్తరించాలంటే ఆ గదిలో ఒక ఫ్రిజ్, దాని ఉష్ణోగ్రత చూసే ఒక ఉద్యోగి, ఆ రెండింటి ఖర్చు ఎవరి పద్దులో పడాలన్న ఒప్పందం ముందుగా కుదరాలి.